వాడిన ఆర్కిడ్: ముందు వేరు చూడండి

ఈసారి ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఇంట్లో పెంచుకునే ఆర్కిడ్ నీరసించిపోవడం గురించే. ఒకే రకం ప్రశ్నలు కలిపి జవాబిస్తున్నాం. మొక్క పేరు రాయని చోట ఫాలెనోప్సిస్ అనుకున్నాం. వెడల్పాటి దళసరి ఆకులు నాలుగైదు, వాటి మధ్యనుంచి వంగి వచ్చే పొడవాటి పూకాడ ఉంటే అది ఫాలెనోప్సిసే.

ప్రశ్న: మా ఆర్కిడ్ ఆకులు మెత్తబడి, ముడతలు పడి, కిందికి వేలాడుతున్నాయి. వారానికి రెండుసార్లు నీళ్లు పోస్తూనే ఉన్నాను. ఇంకా పెంచాలా?

జవాబు: పెంచకండి. వేర్లు కళ్లారా చూసేదాకా అసలు నీళ్లే పోయకండి.

ఆకు వడలిందంటే దానికి నీరు అందడం లేదని, అంతే. కుండీలో నీరు లేకపోయినా అందదు, నీరుండి తాగే వేరు లేకపోయినా అందదు. పైనుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. అందుకే వేరు కుళ్లిన మొక్కకు దాహమేస్తోందనుకుని ఇంకా నీళ్లు పోసి, ఉన్న నాలుగు వేర్లను కూడా పోగొడతారు. వారానికి రెండుసార్లు పోస్తున్నా వాడుతోందంటే మీ మొక్కకు వేర్లే పోయి ఉండాలి.

ఫాలెనోప్సిస్ అడవిలో మట్టిలో పెరగదు, చెట్ల కొమ్మలను పట్టుకుని బతుకుతుంది. దాని వేరు చుట్టూ వెలామెన్ అనే మందపాటి పొర ఉంటుంది. వాన పడగానే అది స్పాంజిలా నీరు పీల్చుకుంటుంది, వాన వెలిశాక గాలికి ఆరిపోతుంది. ఎండి ఉన్నప్పుడు వెండి రంగులో, తడిసినప్పుడు ఆకుపచ్చగా కనబడేది ఈ పొర వల్లే. ఆరే వీలు లేకుండా రోజుల తరబడి తడిలో ఉంటే వేరుకు గాలి అందదు, కుళ్లు మొదలవుతుంది. అంటే వేరును చంపేది నీరు కాదు, గాలి ఆడకపోవడం.

మొక్కను కుండీలోంచి తీయండి. వేర్లు కుండీ గోడకు అంటుకుని ఉంటే పదిహేను నిమిషాలు నీళ్లలో ఉంచి, ప్లాస్టిక్ కుండీ అయితే చుట్టూ నొక్కి వదులు చేయండి. లాగితే విరుగుతాయి. కుండీలో మట్టికి బదులు నింపిన పాత బెరడు, నాచు అంతా దులిపేయండి. ఇక్కడ ఒక చోటు తప్పకుండా చూడాలి: కాండానికి సరిగ్గా అడుగున, వేర్లన్నీ మొదలయ్యే చోట. నర్సరీలో చిన్నప్పుడు నాటిన స్ఫాగ్నం నాచు ముద్ద చాలా మొక్కల్లో అక్కడే ఉండిపోతుంది. పైన బెరడు ముక్కలు పొడిగా కనిపిస్తున్నా లోపల ఆ ముద్ద వారాల తరబడి తడి వదలదు, కుళ్లు మొదలయ్యేది ఎక్కువగా అక్కడి నుంచే. మొండి పుల్లతోనో చిమ్టాతోనో ఓపిగ్గా పీచుపీచుగా తీసేయండి. దాని చుట్టూ చిన్న ప్లాస్టిక్ జాలీ ఉంటే దాన్ని కూడా కత్తిరించి తీయాలి.

తరువాత సన్నటి ధార కింద వేర్లు కడిగి, ఒక్కోదాన్నీ వేళ్ల మధ్య నొక్కి చూడండి. రంగును నమ్మకండి. బెరడులో ఉన్న వేరు గోధుమ రంగు మరకలతో ఉన్నా, నొక్కితే గట్టిగా ఉంటే అది బతికున్నట్టే. మెత్తగా నలిగి నీరు కారి, పై తొడుగు జారిపోయి లోపల సన్నని దారం మాత్రం మిగిలిందంటే చచ్చిన వేరు. దాన్ని గట్టి భాగం వచ్చేదాకా కత్తిరించండి. కత్తెరను ముందు 70 శాతం స్పిరిట్‌తో తుడిచి ఆరనివ్వాలి. మొక్క మారినప్పుడల్లా మంటలో కాల్చి చల్లారనివ్వడం ఇంకా మంచిది. ఆర్కిడ్‌లలో వైరస్‌లు కత్తెరకు అంటిన రసం ద్వారా పాకుతాయి, ఒకసారి సోకితే వాటికి మందు లేదు. కాండం అడుగు మొండెం గోధుమ రంగులో ఎండిపోయి ఉంటే, లేత రంగు కనిపించేదాకా పలుచగా కోస్తూ రండి. ఆ కోతకు దాల్చినచెక్క పొడి అద్దవచ్చు. వేర్లకు మాత్రం తగలనివ్వకండి, అది బతికున్న వేరును కూడా ఆర్చేస్తుంది. హైడ్రోజన్ పెరాక్సైడ్ పోస్తే బుడగలు రావడం చూసి వేరు శుభ్రమవుతోందనుకుంటారు. బతికున్న వేరు కణాలను కూడా అది దెబ్బతీస్తుంది. దాన్ని వాడవద్దనే మా సలహా.

పూకాడ ఉంటే, పూలున్నా సరే, అడుగున ఒక సెంటీమీటరు వదిలి కత్తిరించి కూజాలో పెట్టుకోండి. వేరు లేని మొక్క తన ఆకుల్లోని నీటినే పూలకు పంపుతుంది. ఇది చాలామందికి చేయి రాని పని, కానీ చేయాల్సిన పనే.

కత్తిరించాక నీడలో నాలుగైదు గంటలు ఆరనిచ్చి నాటండి. కుండీ మిగిలిన వేర్లకు సరిపడా ఉండాలి, ఆకుల విస్తీర్ణానికి కాదు. వేర్ల చుట్టూ రెండు సెంటీమీటర్ల ఖాళీ చాలు. చాలా మొక్కలకు 9 నుంచి 12 సెంటీమీటర్ల కుండీ సరిపోతుంది. పక్కన కూడా రంధ్రాలున్న పారదర్శక ప్లాస్టిక్ కుండీ అయితే వేరు రంగు బయటినుంచే తెలుస్తుంది. నింపడానికి ఒకటి రెండు సెంటీమీటర్ల బెరడు ముక్కలు నాలుగు వంతులు, కట్టె బొగ్గు ఒక వంతు తీసుకోండి. వేర్లు తక్కువగా ఉంటే తడిపి పిండిన నాచును సన్నగా తుంచి ఒక వంతు కలపండి. బెరడును ముందురోజు రాత్రి నానబెట్టాలి, పొడి బెరడు మీదినుంచి నీరు జారిపోతుంది. బెరడు బదులు కొబ్బరి డొక్క ముక్కలు వాడితే మూడుసార్లు నీళ్లు మార్చి నానబెట్టండి, వాటిలో ఉప్పు ఉంటుంది. మామూలు కుండీ మట్టి ఒక్క పిడికెడు కూడా వద్దు.

అన్నిటికన్నా కింది ఆకు మొదలు, నింపిన బెరడు మట్టానికి సమంగా ఉండాలి. అంతకన్నా లోతుగా పూడిస్తే కాండం కుళ్లుతుంది. వేర్లు తక్కువున్న మొక్క ఊగుతుంది, ఊగినప్పుడల్లా కొత్త వేరు మొన బెరడుకు రాసుకుని చెడిపోతుంది. పుల్ల గుచ్చి కదలకుండా కట్టండి.

మూడు రోజులయ్యాక మొదటిసారి నీళ్లు పోయండి. ఆ తరువాత లెక్క వారాలతో కాదు. లోపలి వేర్లు వెండి రంగుకు తిరిగి, కుండీ చేతికి తేలిగ్గా తగిలినప్పుడు పోయాలి. చోటును బట్టి, కాలాన్ని బట్టి అది ఐదు రోజులు కావచ్చు, పది రోజులు కావచ్చు. పోసినప్పుడు అడుగునుంచి ధారగా కారేలా పోసి, నీరు పూర్తిగా కారిపోయాకే అలంకరణ కుండీలో పెట్టండి. ఆ కుండీ అడుగున చేరిన నీటిని ఎవరూ చూడరు, మీరు మాత్రం చూడండి.

ముడతలు పడిన పాత ఆకు మళ్లీ నున్నగా కాకపోవచ్చు. దాన్ని చూసి నిరాశపడకండి. వేరు కొసన మెరిసే ఆకుపచ్చ మొన కనిపించిందా, మధ్యనుంచి వచ్చే కొత్త ఆకు గట్టిగా ఉందా అన్నది చూడండి. వెచ్చని కాలంలో నెల, నెలన్నరలో వేరు మొన కదలవచ్చు. మొక్క పూర్తిగా కోలుకోవడానికి ఏడాది పట్టినా ఆశ్చర్యం లేదు.

ప్రశ్న: వేర్లన్నీ కుళ్లిపోయి కత్తిరించాల్సి వచ్చింది. ఒక్కటీ మిగల్లేదు. ఆకులు మూడున్నాయి. పారేయాల్సిందేనా?

జవాబు: మూడు ఆకులు, గట్టి మొవ్వు (ఆకుల మధ్య కొత్త ఆకు పుట్టే మొన) ఉంటే ప్రయత్నించవచ్చు. తప్పకుండా బతుకుతుందని మాత్రం చెప్పలేం.

వేరు లేనప్పుడు ఆకులోంచి నీరు ఆవిరై పోకుండా ఆపడమే పని. అందుకు చుట్టూ గాలిలో తేమ పెంచాలి. పారదర్శకమైన పెద్ద సంచి గానీ మూతున్న ప్లాస్టిక్ డబ్బా గానీ తీసుకోండి. స్ఫాగ్నం నాచును నానబెట్టి, ఇక చుక్క కూడా రానంత గట్టిగా పిండి, అడుగున మూడు నాలుగు సెంటీమీటర్లు పరవండి. మొక్కను దానిపై ఆనించండి. కాండం అడుగు నాచుకు తాకీ తాకనట్టుండాలి, అందులో కూరుకుపోకూడదు. తడి ఎక్కువైతే వేరు రాకముందే కాండం కుళ్లుతుంది. ఈ పద్ధతి చెడేది ఎక్కువగా ఇక్కడే.

డబ్బాను వెలుతురున్న చోట పెట్టండి కానీ ఎండ తగలనివ్వకండి. మూసిన డబ్బాపై ఎండ పడితే లోపల మొక్క గంటలోనే ఉడికిపోతుంది. 22 నుంచి 28 డిగ్రీల మధ్య వేరు బాగా పుడుతుంది. చలిగా ఉంటే ఏమీ కదలదు. మూడు రోజులకోసారి పది నిమిషాలు తెరిచి గాలి ఆడనిచ్చి, బూజు వచ్చిందేమో చూడండి. బూజు పట్టిన నాచును తీసి కొత్తది వేయండి. ఎరువు, చక్కెర నీళ్లు వద్దు. వేరు లేనప్పుడు ఎరువు తీసుకునేదెవరు? చక్కెర నీళ్లు మేలు చేసేది బూజుకే.

వేర్లు కనిపించడానికి ఒకటి నుంచి మూడు నెలలు పడుతుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. ఈలోగా అడుగు ఆకు పసుపు తిరిగి రాలవచ్చు. మొక్క దానిలోని సత్తువ తీసుకుని వేరుకు ఇస్తోంది, ముందే తుంచేయకండి. రెండు మూడు వేర్లు నాలుగైదు సెంటీమీటర్లు పెరిగాక చిన్న కుండీలో నాటండి. డబ్బాలోంచి ఒక్కసారిగా బయట పెట్టకూడదు. వారం పది రోజుల పాటు రోజూ మూత కాస్త కాస్త ఎక్కువసేపు తెరుస్తూ బయటి గాలికి అలవాటు చేయాలి.

ప్రశ్న: మధ్యలో ఉన్న కొత్త ఆకు పట్టుకోగానే చేతిలోకి ఊడి వచ్చింది. మొదలు గోధుమ రంగులో ఉంది, వాసన వస్తోంది. మిగతా ఆకులు పచ్చగానే ఉన్నాయి.

జవాబు: ఇది మొవ్వుకుళ్లు. ఆకుల మధ్య గుంటలో నీరు నిలిచి, రాత్రంతా ఆరకపోతే బాక్టీరియా గానీ శిలీంధ్రం గానీ చేరి లేత కణజాలాన్ని కుళ్లబెడుతుంది. ఫాలెనోప్సిస్ కాండానికి పెరిగే మొన ఒక్కటే. అది పోతే ఆ మొన నుంచి ఇక ఆకు రాదు.

అయినా వెంటనే పారేయకండి. కుళ్లిన భాగాన్ని శుభ్రమైన చాకుతో, ఆరోగ్యంగా ఉన్న చోటికి ఒక సెంటీమీటరు లోపలిదాకా కోసేయండి. టిష్యూతో తడి అద్ది, దాల్చినచెక్క పొడి చల్లి, గాలి ఆడే చోట పొడిగా ఉంచండి. మిగతా మొక్కలకు దూరంగా పెట్టండి. కుళ్లు కాండంలోకి దిగకుండా ఆగితే, వేర్లు బాగుంటే, కొన్ని నెలల్లో కింది ఆకుల పక్కనుంచి పిలక రావచ్చు. కోసిన చోట మర్నాటికి మళ్లీ నీరు కారుతూ గోధుమ రంగు పాకుతుంటే మాత్రం ఆ మొక్కపై ఆశ వదులుకుని, పక్క మొక్కలను కాపాడుకోండి.

ఇక మీదట నీళ్లు పొద్దున్నే పోయండి. మొవ్వులో పడితే టిష్యూ కొస మెలితిప్పి ముంచితే నీరంతా పీల్చుకుంటుంది. ఆకులపై సాయంత్రం నీళ్లు చల్లే అలవాటు ఉంటే మానేయండి. తేమ కోసమైతే గులకరాళ్లు పరిచిన పళ్లెంలో నీళ్లు పోసి, కుండీ అడుగు నీటికి తగలకుండా పైన పెట్టడం మేలు.

ప్రశ్న: అడుగు ఆకు ఒకటి పసుపు రంగుకు మారింది. మిగతావన్నీ బాగున్నాయి.

జవాబు: వయసైపోయిన ఆకు. ఏడాదికి ఒకటి రెండు ఇలా పోవడం సహజం. పూర్తిగా ఎండి తనంతట ఊడేదాకా వదిలేయండి. పసుపు పైనుంచో మధ్యనుంచో మొదలైతే, లేదా నెలలో రెండు మూడు ఆకులు మారితే అప్పుడు వేర్లు చూడాలి.

ప్రశ్న: బెరడు మీద, కుండీ అంచున తెల్లటి పొర కట్టింది. వేర్ల కొసలు నల్లబడుతున్నాయి. క్రమం తప్పకుండా ఎరువు వేస్తున్నాను.

జవాబు: ఆ తెల్లటి పొర ఉప్పు. ఎరువులోది కొంత, నీటిలోది కొంత. నీరు ఆవిరైనప్పుడల్లా ఉప్పు మిగిలిపోయి పేరుకుంటుంది. వేరు మొన చాలా సున్నితం కాబట్టి మొదట కాలేది అదే.

కుండీని జల్లు కింద పెట్టి, కుండీ పరిమాణానికి నాలుగైదు రెట్ల మామూలు నీరు మెల్లగా పారనివ్వండి. పావుగంట ఆగి మరోసారి. ఆ తరువాత నెల రోజులు ఎరువు ఆపండి. బెరడు రెండేళ్లు దాటి, వేళ్లతో నలిపితే పొడి అవుతుంటే కడగడంతో పోదు, మార్చాల్సిందే. చివికిన బెరడు ఉప్పునూ తడినీ రెంటినీ పట్టి ఉంచుతుంది.

మళ్లీ మొదలుపెట్టినప్పుడు 20-20-20 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉన్నది) లాంటి నీటిలో కరిగే ఎరువు లీటరుకు అర గ్రాము చాలు. అంత తక్కువ తూచడం కష్టమైతే ఐదు లీటర్లకు అర టీస్పూను. రెండు వారాలకోసారి, అది కూడా కొత్త ఆకో వేరో పెరుగుతున్నప్పుడే వేయండి. ముందు మామూలు నీరు పోసి వేరు తడిశాకే ఎరువు నీళ్లు పోయాలి. నెలకోసారి ఎరువు లేని నీటితో బాగా కడగాలి. ప్యాకెట్‌పై నత్రజని ఎక్కువ భాగం యూరియా రూపంలో ఉందని రాసి ఉంటే వేరేది చూసుకోండి. 

నీటి విషయం: నీటిలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు ఉంటే, అది 200 పీపీఎం లోపు చూపితే మంచిది. వాన నీరు శ్రేష్ఠం. ఆర్వో నీరు వాడితే అందులో కాల్షియం దాదాపు ఉండదు, కాబట్టి కాల్షియం, మెగ్నీషియం కలిసిన ఎరువు ఎంచుకోండి. ఉప్పుతో నడిచే సాఫ్టెనర్ నుంచి వచ్చే నీరు ఆర్కిడ్‌కు ఎప్పుడూ పోయకండి, అందులో సోడియం ఉంటుంది.

ప్రశ్న: ఆకుల సందుల్లో దూదిలాంటి తెల్లటి మచ్చలు వచ్చాయి. తుడిచినా పది రోజుల్లో మళ్లీ వస్తున్నాయి.

జవాబు: పిండినల్లి. మళ్లీ రావడానికి కారణం గుడ్లు, కంటికి సరిగా ఆనని పిల్ల పురుగులు. ఒక్కసారి తుడవడంతో ఎప్పుడూ పోవు.

మొక్కను మిగతావాటికి దూరంగా పెట్టండి. 70 శాతం స్పిరిట్‌లో దూది పుల్ల ముంచి, కనిపించిన ప్రతి పురుగునూ తడపండి. మైనపు పొర కరిగి చస్తాయి. ఆకు అడుగున మధ్య ఈనె వెంట, ఆకు కాండాన్ని అంటే సందులో, పూకాడ కణుపులపై ఉండే పొలుసు కింద వెతకండి. కాండం అడుగున ఎండి అంటుకున్న పాత ఆకు తొడుగు ఉంటుంది. దాన్ని ఒలిచి చూస్తే ఒక్కోసారి గుంపంతా అక్కడే దొరుకుతుంది. స్పిరిట్ మొవ్వులో నిలవకూడదు, తుడిచిన మొక్కను ఎండలో పెట్టకూడదు. ఏడు రోజులకోసారి నాలుగు విడతలు ఇలా చేయండి. రెండో విడతకు ఏమీ కనిపించలేదని ఆపేస్తే మొదటికొస్తుంది.

నాలుగు విడతలయ్యాక కూడా వస్తుంటే వేర్లలో ఉన్నాయన్నమాట. బెరడు మొత్తం తీసి పారేసి, వేర్లు కడిగి, కొత్త బెరడులో నాటండి. చీమలు తిరుగుతుంటే వాటిని కూడా అరికట్టాలి. పిండినల్లి వదిలే తీపి రసం కోసం చీమలు దాన్ని కాపాడతాయి. వేపనూనె వాడాలనుకుంటే లీటరు నీటికి 5 మిల్లీలీటర్లు, కలవడానికి కాస్త ద్రవ సబ్బు వేసి సాయంత్రం పూట ఆకు అడుగున చల్లండి, మొవ్వులో పడితే అద్దేయండి.

పురుగు లేకుండా పూకాడ మీద, మొగ్గ మొదట్లో తేనెచుక్కల్లా జిగురు కనిపిస్తే కంగారు వద్దు. అది మొక్క తనంతట తాను స్రవించేదే.

ప్రశ్న: మాది డెండ్రోబియం. ఆకులన్నీ రాలి ఎండిన కర్రల్లా నాలుగు కాడలు మిగిలాయి. కత్తిరించేస్తే కొత్తవి వస్తాయా?

జవాబు: కత్తిరించకండి. డెండ్రోబియం కాడ నీటినీ ఆహారాన్నీ దాచుకునే చోటు. ఆకు లేకపోయినా కాడ పచ్చగానో పసుపుగానో గట్టిగా ఉంటే, కొత్త పిలకను పోషించేది అదే. కొన్ని రకాలు చలికాలంలో ఆకులు రాల్చి, ఆ బోడి కాడల మీదే పూస్తాయి. పూర్తిగా గోధుమ రంగుకు తిరిగి, లోపల బోలుగా, నొక్కితే నలిగిపోయే కాడనే తీసేయాలి.

ఆకు లేని కాలంలో నీళ్లు బాగా తగ్గించండి, కాడ మరీ ముడుచుకుపోకుండా ఉంటే చాలు. ఎరువు పూర్తిగా ఆపండి. అడుగున పిలక వచ్చి, దాని వేర్లు రెండు మూడు సెంటీమీటర్లు పెరిగాక నీళ్లు పెంచాలి. కుండీ మార్చాలన్నా అదే అదను. ఫాలెనోప్సిస్ కన్నా దీనికి వెలుతురు ఎక్కువ కావాలి, ఉదయపు ఎండ రెండు గంటలు తగిలినా మంచిదే. పెద్ద కుండీలో మాత్రం నాటకండి. పొడవాటి కాడలు పడిపోతున్నాయని పెద్ద కుండీలోకి మార్చడమే ఈ మొక్కల వేరు కుళ్లడానికి పెద్ద కారణం. చిన్న కుండీలోనే ఉంచి, బరువు కోసం ఆ కుండీని రాళ్లు వేసిన మరో కుండీలో దించండి. కాపర్ కలిసిన మందులు డెండ్రోబియంపై చల్లవద్దు, లేత భాగాలు మాడిపోతాయి.

కాడ పైభాగంలో చిన్న పిల్ల మొక్క వచ్చి ఉంటే, దాని వేర్లు నాలుగైదు సెంటీమీటర్లు అయ్యాక మెల్లగా మెలితిప్పి తీసి విడిగా నాటవచ్చు. తల్లి మొక్క అడుగంతా కుళ్లిపోయినా గట్టి కాడలను తడి నాచుపై అడ్డంగా పడుకోబెడితే కణుపుల దగ్గర పిల్లలు రావచ్చు.

ప్రశ్న: ఏడాది కిందట కాపాడుకున్న ఫాలెనోప్సిస్ ఇప్పుడు ఐదు ఆకులతో బాగుంది. పూకాడ మాత్రం రావడం లేదు.

జవాబు: ఐదు గట్టి ఆకులుంటే పూయగలిగిన మొక్కే. లోటు వెలుతురులోనో చల్లదనంలోనో ఉంటుంది.

మధ్యాహ్నం మొక్కకు ఒక అడుగు ఎత్తున చేయి పెట్టి ఆకుపై నీడ చూడండి. అంచులు మసకగా ఉన్న నీడ పడితే వెలుతురు సరిపోతోంది. నీడే కనిపించకపోతే తక్కువ, అంచులు కత్తిరించినట్టుంటే ఎక్కువ. ఆకు ముదురు ఆకుపచ్చగా, సాగినట్టు పొడవుగా ఉంటే కూడా వెలుతురు చాలడం లేదనే అర్థం. కిటికీకి దగ్గరగా జరపండి కానీ ఒకేసారి ఎండలోకి వద్దు. నీడకు అలవాటైన ఆకు మధ్యాహ్నపు ఎండకు ఒక్కరోజులోనే మాడి తెల్లటి మచ్చ పడుతుంది, అది ఇక పోదు.

రెండోది ఉష్ణోగ్రత. ఎప్పుడూ 28 డిగ్రీలకు పైనే ఉంటే ఫాలెనోప్సిస్ ఆకులు పెంచుకుంటూ పోతుంది, పూకాడ వేయదు. పగలు 25 డిగ్రీలు దాటకుండా, రాత్రి 17-20 మధ్యకు దిగేలా నాలుగైదు వారాలు దొరికితే పూకాడ మొదలవుతుంది. ఏడాదిలో చల్లని నెలల్లో రాత్రిపూట కిటికీ తెరిచి ఉంచే గది ఇందుకు బాగుంటుంది.

ఆకు సందులోంచి మొలిచేది వేరో పూకాడో మొదట్లో తెలియదు. మొన గుండ్రంగా నున్నగా ఉంటే వేరు, చదునుగా ఒక పక్కకు కోసుగా ఉండి పైకి తిరుగుతుంటే పూకాడ. పూకాడ అని తేలాక కుండీని అటూ ఇటూ తిప్పకండి. వెలుతురు వైపు మారినప్పుడల్లా కాడ వంకర తిరుగుతుంది, మొగ్గలు దిశ తప్పుతాయి. పూలు విచ్చడానికి రెండు మూడు నెలలు పడుతుంది. మొగ్గలున్న మొక్కను పండిన పళ్ల బుట్ట పక్కన పెట్టకండి, పళ్లు వదిలే ఇథిలీన్ వాయువుకు మొగ్గలు పసుపు తిరిగి రాలిపోతాయి. ఈసారి పూకాడకు పక్క కొమ్మలు వస్తే తుంచేసి, ప్రధాన కాడను మాత్రం పూయనివ్వండి. వేర్లు పోగొట్టుకుని కోలుకున్న మొక్కకు మొదటి ఏడాది అంతకు మించిన బరువు వద్దు.